సైన్సు సారు, నిలబడిన టెంకాయ

నవ్వేది తర్వాతప్పా, ముందు టీ చెప్పండి. నాకు చక్కెర తక్కువ.

ఆదివారం పూట యాడికి పోతాండావు, కనపడేదే లేదు అని అడుగుతాండారు గదా, చెప్తా వినండి. ఈ మధ్య నాకు ఇంకో ఉద్యోగం వచ్చింది. నేను అప్లికేషన్ పెట్టలేదు, ఎవరూ ఆర్డరు ఇయ్యలేదు. పిల్లోళ్ళతో మూఢనమ్మకాల మీద ప్రాజెక్టు చేయించబోయి నా కొంప నేనే ముంచుకున్నా. ఎవరికన్నా చెప్పుకుందామంటే సిగ్గు, చెప్పకుంటే కడుపుబ్బరం. మీరైతే ఎట్లాగూ నవ్వుతారు కాబట్టి మీకే చెప్తాండా.

మీకు తెల్సు గదా, నేను కోయిలకుంట్ల తట్టు ఒక హైస్కూల్లో సైన్సు చెప్తా. ఆ మధ్య మాకు ఒక ట్రైనింగు పెట్టినారు. ఆ వచ్చినాయన చెప్పింది నాకు శానా నచ్చింది. ఫోటో కామిక్ అంట. పెద్ద విద్యేం కాదు. పిల్లోళ్ళే వేషాలు కట్టి నటిస్తారు, ఫోన్లో ఫోటోలు తీస్తారు, ఆ ఫోటోలను గళ్ళల్లో వరసగా పెట్టి, మనిషి నోటికాడ బుడగ గీసి అందులో మాటలు రాస్తారు. బొమ్మల కథ మాదిరి చదువుకోవచ్చు. లెక్కలైనా, సోషలైనా, తెలుగైనా, ఏ పాఠాన్నైనా ఇట్ల చేయొచ్చు, పిల్లోళ్ళు జన్మలో మర్చిపోరు అన్నాడాయన. నిజమే చెప్పినాడు. నేను కూడా జన్మలో మర్చిపోను.

మా హెడ్మాస్టరు మేడం కడపామె. కొత్త పని ఏదన్నా చెప్తే ముందు భయపడుతుంది, తర్వాత సంతోషపడుతుంది. "సార్, తొమ్మిదో తరగతి మీకే అప్పజెప్తాండా, ఏం చేసుకుంటారో చేసుకోండి, పైనుంచి మాట రాకుంటే చాలు" అనేసింది. నేను క్లాసును గుంపులు గుంపులుగా చేసి తలా ఒక సబ్జెక్టు ఇచ్చినా.

అబ్బబ్బ, ఆ వారం స్కూలు చూడల్ల మీరు! లెక్కల గుంపు గోడకు నిచ్చెనేసి పైథాగరస్ సిద్ధాంతం తీసినారు. కర్ణం మీదికి ఎక్కినోడు దిగలేక ఏడుపు మొదలుపెట్టినాడు. మిగిలినోళ్ళు దింపేది పోయి, ఆ ఏడుపును ఫోటో తీసి బుడగలో 'ఇది ఐదు మీటర్లు!' అని రాసినారు. సోషల్ గుంపు గ్రామసభ తీస్తామన్నారు, అందరూ సర్పంచులే, జనంలో కూర్చునేదానికి ఒక్కడు రాడు. తెలుగు గుంపు సామెతలు తీస్తామని 'కుక్క తోక వంకర' కోసం ఊర్లో కుక్క వెంటబడినారు. అది పక్కూరికి పారిపోయింది, మూడు రోజులు తిరిగి రాలేదు.

ఇంగ నా సైన్సు గుంపు. అందులో కరుణ అని ఒక పాప ఉండాది. తెలివైంది, మాట తక్కువ. "సార్, బోరు పాయింటు చూసేదాని మీద తీద్దాం సార్" అనింది. నాకు ప్రాణం లేచొచ్చింది!

మన తట్టు బోరు పాయింటు సంగతి తెలియనోడు యాడుంటాడు? టెంకాయను అరచేతిలో అడ్డంగా పండబెట్టుకోని, కళ్ళు మూసుకోని చేన్లో నడుస్తారు. భూమిలో నీళ్ళుండే తావుకు పోతానే ఆ టెంకాయ దానంతట అదే లేచి నిలబడుతుందంట. ఆడ బోరేస్తారు. నీళ్ళు పడితే టెంకాయ గొప్ప, పడకపోతే రైతు తలరాత! ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతాది. నా సర్వీసంతా ఈ టెంకాయతో కొట్లాడేదే సరిపాయ. "శభాష్ కరుణా, దీని బండారం బయటపెడదాం పా" అన్నా.

కథ మేమే రాసుకున్నాము. రైతు దిగులుగా కూర్చోనుంటాడు. దొంగ బోరు సామి వస్తాడు, టెంకాయ నిలబెడతాడు. బోరేస్తే దుమ్ము లేస్తాది. అప్పుడు జియాలజిస్టు వచ్చి, భూమి లోపల నీళ్ళు ఎట్ల చేరతాయో, మిషనుతో ఎట్ల కనుక్కోవల్లనో చెప్తాడు. రైతుకు జ్ఞానోదయం అయితాది. కథ బాగుండాది, కానీ దొంగ సామి వేషం కట్టేదానికి పిల్లోళ్ళు ఎవరూ ముందుకు రాలేదు. ఇంట్లో తంతారంట. కరుణ నెమ్మదిగా, "సార్, మీరే కట్టండి సార్, మీకు సరిపోతాది" అనింది. క్లాసంతా చప్పట్లు. అది పొగడ్తో ఇంకేమో నాకు ఇప్పటికీ తెలీదు, కానీ ఉబ్బిపోయి ఒప్పుకున్నా.

పంచె కట్టినా, తలకు తువ్వాలు చుట్టినా, నుదుటికి విభూతి పట్టెలు పెట్టుకున్నా. షూటింగ్ యాడ? స్కూలు గోడ వెనక కరుణ వాళ్ళ నాయన దేవదానం చేను ఉండాది. మంచి మనిషి, చర్చిలో ముందు వరసలో కూర్చునే రకం. ఉండేది కొంచెం భూమి, అందులో చీనీ తోట, అదే బత్తాయి. ఆ రోజు ఆయప్ప ఎరువులకని కోయిలకుంట్లకు పోయినాడు. "మా నాయన ఏమనడులే సార్, రాండి" అనింది పాప.

టెంకాయను నిలబెట్టేది ఎట్ల? మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మను అడిగి గోధుమపిండి ముద్ద తెచ్చినారు పిల్లోళ్ళు. అరచేతిలో ముద్ద, దాని మీద టెంకాయ. కిక్కురుమనకుండా నిలబడింది! ముద్ద కనపడకుండా వేళ్ళు ముడుచుకున్నా. సామి అన్నాక చెప్పులుండకూడదని నా చెప్పులు ఇప్పించినారు. చేనంతా పల్లేరుకాయలు! కాలు పెడితే అరుపే. వెతికి వెతికి పల్లేరుకాయలు లేని తావు ఒకటి చూసుకోని ఆడ నిలబడినా. గుర్తు పెట్టుకోండప్పా, నేను ఆడ నిలబడింది నీళ్ళ కోసం కాదు, నా అరికాళ్ళ కోసం. కళ్ళు పైకి పెట్టి, నోరు సగం తెరిచి, ఒంటి మీదికి పూనకం వచ్చినట్ల మొఖం పెట్టినా. కరుణ క్లిక్కుమనిపించింది. నిజం చెప్తాండా, అంత బాగా నా పెండ్లి ఫోటోలో కూడా లేను.

కంప్యూటర్లో బుడగలు పెట్టేటప్పుడు తెలుగు అక్షరాలు విరిగిపోయి, ఒత్తులు ఒక తట్టు, గుడులు ఒక తట్టు పోయి నానా అవస్థ పడినాము. ఎట్లనో చేసినాము. నా ఫోటో పక్కన బుడగలో, 'ఇదంతా పిండిముద్ద మహిమ నాయనా!' అని పెద్దక్షరాలతో రాయించినా. ప్రింటు తీసి వరండాలో గోడకు అంటించినాము. మేడం చదివి పడీ పడీ నవ్వి, "సార్, మీరు సినిమాల్లోకి పోవాల్సినోరు" అనింది. నేను కాలరు ఎగరేసుకోని తిరిగినా.

ఈడ నేను మర్చిపోయింది ఒకటి ఉండాది. బుడగలు ఉండేది గోడ మీద. బుడగలు లేని అసలు ఫోటోలు ఉండేది ఫోన్లో. ఆ ఫోను ఎవరిది? కరుణకు ఫోను యాడిది! అది వాళ్ళ నాయనది, ఆ రోజు ఇంట్లో పెట్టిపోయింటే పాప తెచ్చింది.

ఆ తర్వాత వారం ఒక రోజు ఇంటర్వెల్లో పాప స్టాఫ్ రూము కాడికి వచ్చి తలుపు పట్టుకోని నిలబడింది.

"ఏమ్మా?"

"సార్... మా నాయన మీరు నిలబడిన తావున సున్నంతో గుర్తేసినాడు సార్."

"ఏం గుర్తు?"

"బోరు గుర్తు సార్. రేపు పొద్దున బోరు లారీ వస్తాది. ఉన్న పొట్టేళ్ళన్నీ అమ్మేసినాడు. పిండిముద్ద అని చెప్తే వినడం లేదు సార్. ఈసారి కూడా దుమ్మే వస్తే చెట్లు కొట్టేసి బెంగళూరు పోయి పని చూసుకుందాం అంటాండాడు. నేను స్కూలు మానేయల్ల సార్."

ఆయప్ప ఇంతకుముందు వేసిన బోర్లన్నీ దుమ్మే అని ఊరందరికీ తెల్సు. తోటకు పోయిన ఎండాకాలం ట్యాంకర్లతో నీళ్ళు తోలించి బతికించుకున్నాడు. ఇప్పుడు చివరి బోరు. దానికి పాయింటు చూపించింది ఎవరు? నేను! పల్లేరుకాయలకు భయపడి!

సాయంత్రం బెల్లు కొడతానే గోడ దూకినంత పని చేసి చేన్లోకి పోయినా. దేవదానం చీనీ చెట్టు కింద ఎండిన కొమ్మలు ఏరుతాండాడు. నన్ను చూస్తానే చేతులు తుడుచుకోని ఎదురొచ్చినాడు.

"రాండి సారూ, రాండి. మీరు వస్తారని తెల్సు."

"దేవదానమన్నా, ఏందిది? ఆ సున్నం గుర్తు ఏంది?"

ఆయప్ప చుట్టూ చూసి గొంతు తగ్గించినాడు. "గట్టిగా అనాకండి సారూ. బోరు పడేదాకా పాయింటు సంగతి నోట్లోంచి రాకూడదు గదా. అందుకే మీతో కూడా అడగలేదు. దిష్టి తగుల్తాది."

"అన్నా, అది నాటకం! పిల్లోళ్ళ ప్రాజెక్టు! గోడ మీద బొమ్మ చూసినావా లేదా?"

"గోడ మీద యాడ చూస్తా సారూ, నా ఫోన్లోనే ఉండాది" అని ఫోను తీసి చూపించినాడు. పంచె, తువ్వాలు, విభూతి, పూనకం మొఖం. చేతిలో కొమ్ము మాదిరి నిలబడిన టెంకాయ. బుడగ లేదు. నన్ను నేను చూసుకుంటే నాకే దండం పెట్టాలనిపించింది!

"వెనకాల మీ స్కూలు కిటికీ, ఈ పక్క పాత బోరు కేసింగు పైపు కనపడతాండాయి. ఫోటో పట్టుకోని వెనక్కీ ముందుకీ నడిచి సరిగ్గా ఆ తావే కనుక్కున్నా సారూ" అన్నాడు గర్వంగా.

"అది పిండిముద్దన్నా! ముద్ద మీద నిలబెట్టినాము!"

ఆయప్ప నవ్వినాడు. "నిజమైన సాములందరూ అట్లనే అంటారు. మాదేముందిలే, అంతా ఉత్తిదే అంటారు. ఒప్పుకుంటే శక్తి పోతాది గదా."

"నువ్వు చర్చికి పోయే మనిషివి, నీకు టెంకాయ నమ్మకం ఏందన్నా?" అని ఇంకో తట్టు నుంచి పోయినా.

"అదీ అడిగినా సారూ పాస్టరయ్యను. టెంకాయ కొట్టేది మనకు లేదు గానీ, నిలబెట్టేదాని గురించి బైబిల్లో ఏం రాయలేదు అన్నాడు."

మాటలతో అయ్యేది కాదు, ప్రయోగం చేసి చూపిస్తా అనుకున్నా. సైన్సు సారును గదా! కరుణను పంపిస్తే పిండిముద్ద, టెంకాయ తెచ్చింది. సున్నం గుర్తుకు ఇరవై అడుగులు దూరం పోయి, ఆయప్ప కళ్ళెదురుగానే అరచేతిలో ముద్ద పెట్టి, దాని మీద టెంకాయ పెట్టినా. నిలబడింది.

"చూడన్నా! ఈడ కూడా నిలబడింది! యాడ పెడితే ఆడ నిలబడతాది!"

దేవదానం కళ్ళు పెద్దవి చేసి చూసినాడు. వంగి ఒక రాయి ఎత్తుకోని ఆడ గుర్తు పెట్టినాడు. "అయితే ఈడ కూడా నీళ్ళు ఉండాయన్నమాట!"

నాకు రోషం వచ్చింది. గట్టు కాడికి పోయి పెట్టినా. నిలబడింది. ఆయప్ప ఆడొక రాయి. చెట్ల మధ్యలో పెట్టినా. నిలబడింది. ఆడొక రాయి. నేను అరుస్తాండా, టెంకాయ నిలబడతాండాది, ఆయప్ప రాళ్ళు పెట్టుకుంటా వెనకాలే వస్తాండాడు. కరుణ నెత్తిన చేతులు పెట్టుకోని చూస్తాండాది. చివరికి దేవదానం చేయి పట్టుకోని, "చాలు సారూ, అలసిపోతారు. ఇన్ని తావుల్లో నీళ్ళుండేది నా తోటలోనేనా! ఇన్ని రోజులు తెలీక బాధపడితిమి" అన్నాడు. కండ్లల్లో నీళ్ళు తిరుగుతాండాయి పాపం.

నాకు ఏడుపొచ్చినంత పని అయింది. చదువుకున్న గాడిదను నేను! ఒక్క దుమ్ము బోరుకు బదులు ఆయప్ప చేనంతా దుమ్ము బోర్లు చూపించినా.

లారీని ఆపమంటే అది ఆగదు. రేపు తప్పితే రాయచోటి తట్టు పోతాదంట, మళ్ళీ ఎండాకాలంలో దొరకదు. నాకు దిక్కు ఒక్కటే తోచింది. ఖాదర్‌కు ఫోన్ కొట్టినా. మీకు తెల్సు వాడు, నాతో డిగ్రీ చదివినోడు. మిషనుతో భూమిలో నీళ్ళు సర్వే చేసే పని వాడిది.

"ఒరే ఖాదర్, రేపు తెల్లారేసరికి మిషను ఎత్తుకోని రా. ఒక ఇల్లు మునిగిపోతాండాది."

"ఎవరిదిరా?"

"ముంచింది నేను. వచ్చినాక చెప్తా."

వాడు వచ్చినాడప్పా, మాట చెప్పాల్సిందే. పొద్దున్నే నంద్యాల నుంచి బండి మీద వైర్లు, ఇనప మేకులు, పెట్టె కట్టుకోని దిగినాడు. అప్పటికే బోరు లారీ గట్టు మీద నిలబడి హారన్ కొడతాండాది. ఊర్లో సగం మంది చేన్లోనే ఉండారు. స్కూలు టైము కాకముందే నా క్లాసు పిల్లోళ్ళంతా గోడెక్కి కూర్చున్నారు. మా మేడం కిటికీలోంచి చూస్తాండాది.

ఖాదర్ మేకులు దిగగొట్టి, వైర్లు లాగి, పెట్టెలో ముల్లు చూసుకుంటా చేనంతా తిరిగినాడు. నా సున్నం గుర్తు కాడ చూసి పెదవి విరిచినాడు. "ఈడ కింద మొత్తం గట్టి బండ. బోరేస్తే పిడికెడు నీళ్ళు రావు." చివరికి వాగు తట్టు మూలకు పోయి, శానాసేపు చూసి, జెండా గుచ్చినాడు. "ఇదిగో, ఈడ బండ పగుళ్ళు పగుళ్ళుగా ఉండాది. నీళ్ళుండే ఛాన్సు ఈడనే ఎక్కువ."

దేవదానం అడిగినాడు, "గ్యారంటీనా?"

"గ్యారంటీ అని భూమి లోపలి సంగతి ఎవరూ చెప్పలేరు పెద్దాయనా. ఛాన్సు ఎక్కువ అంటాండా."

"చూడు సారూ" అన్నాడు దేవదానం నా తట్టు తిరిగి. "మిషను ఛాన్సు అంటాండాది. టెంకాయ గ్యారంటీ ఇస్తాది."

ఊరోళ్ళంతా అవునవును అని తలలూపినారు. లారీ డ్రైవరు అరిచినాడు, "ఏమప్పా, యాడ దించల్లనో బిర్న చెప్పండి, నాకు ఇంకో ఊరు ఉండాది!" దేవదానం సున్నం గుర్తు తట్టు చేయి ఎత్తబోయినాడు. మళ్ళీ ఆగినాడు. నా తట్టు చూసినాడు.

"సారూ, ఒక పని చేయండి. ఆ మూలకు పోయి టెంకాయ పెట్టండి. నిలబడితే ఆడనే వేసేస్తా. నిలబడకపోతే పాత గుర్తే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏందో ఆ రోజు తెలిసింది నాకు. టెంకాయ పట్టుకోను అంటే ఆయప్ప బండ మీద బోరేస్తాడు, తోట పాయ, పాప చదువు పాయ. పట్టుకుంటే నేను ఇన్నేళ్ళు చెప్పిన సైన్సు పాయ, అదీ నా క్లాసు పిల్లోళ్ళ ముందర, ఖాదర్ ముందర, మేడం ముందర. ఖాదర్ నా చెవిలో, "ఒరే, నేను అంత దూరం నుంచి వచ్చింది నీ టెంకాయకు సాక్షి సంతకం పెట్టేదానికా?" అని పళ్ళు కొరికినాడు.

కరుణ తట్టు చూసినా. పాప కళ్ళతోనే బతిమాలుతాండాది.

నేను దగ్గరికి పోయి మెల్లగా అడిగినా, "పిండిముద్ద ఉండాదామ్మా?"

"ఉండాది సార్" అని పాప పిడికిలి తెరిచింది. "పొద్దున్నే కలిపి పెట్టుకున్నా. మా నాయన సంగతి నాకు తెల్సు గదా."

ఏం చేయల్ల చెప్పండి! చెప్పులిప్పినా. ఈసారి పల్లేరుకాయలు ఉండాయో లేవో కూడా చూసుకోలేదు, గుచ్చుకుంటే గుచ్చుకోనీ అని నడిచినా. జెండా కాడికి పోయి కళ్ళు మూసుకున్నా. ఊరికే నిలబడితే నమ్మరని కొంచెం ఊగినా కూడా. అవునప్పా, ఊగినా! నీళ్ళల్లోకి దిగినాక లోతెంతని చూస్తామా? ఊగే సందులోనే వేళ్ళతో టెంకాయను ముద్ద మీదికి ఎత్తినా, లేచి నిలబడింది. జనం 'ఓ' అని అరిచినారు. గోడ మీద నా పిల్లోళ్ళు, అందరూ ముద్ద సంగతి తెలిసినోళ్ళే, వెధవలు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినారు.

లారీ కదిలి మూలకు పోయింది. డ్రిల్లు దిగింది. అమ్మో, ఆ దుమ్ము! తెల్లటి దుమ్ము లేచి చీనీ చెట్లు కనపడకుండా పోయినాయి. ఒక పైపు పాయ, దుమ్ము. ఇంకో పైపు, దుమ్ము. ఊరోళ్ళు ఒక్కొక్కరే నా తట్టు అదో రకంగా చూసేది మొదలుపెట్టినారు. దేవదానం మోకాళ్ళ మీద కూర్చోని ప్రార్థన చేస్తాండాడు. నేను ఏ దేవుడికి మొక్కల్లనో తెలీక, ఖాదర్ చేయి పట్టుకున్నా. వాడేమో "ఛాన్సేరా నేను చెప్పింది, ఛాన్సే" అని గొణుగుతాండాడు. ఇది ఎగతాళికి చెప్పడం లేదప్పా. ఈ మనిషి రేపు మూట కట్టుకోని బెంగళూరు బస్సెక్కితే, నేను క్లాసులో కరుణ కూర్చునే బెంచీ తట్టు ఎట్ల చూడల్ల?

అప్పుడు డ్రిల్లు చప్పుడు మారింది. దుమ్ము రంగు మారింది. బురద ఎగిరి వచ్చి నా మొఖాన కొట్టింది. అంతలోకే నీళ్ళు! బాగా పడినాయి, రెండించుల నీళ్ళు ఉండొచ్చు అన్నాడు డ్రైవరు. దేవదానం లేచి వచ్చి ఆ బురదలోనే నన్ను వాటేసుకున్నాడు. ఏడుస్తాండాడు. నేనూ ఏడ్చినా, దాచేదేముంది. కరుణ, వాళ్ళ నాయన తువ్వాలు పట్టుకోని గంతులేస్తాండాది. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

"అన్నా, ఇది ఖాదర్ మిషను చేసిన పని" అన్నా ఆ కౌగిలిలోనే.

"మిషను ఛాన్సు అనింది సారూ. నిలబడింది టెంకాయ" అన్నాడు దేవదానం.

ఖాదర్ తన వైర్లు చుట్టుకోని, మేకులు సంచీలో వేసుకోని, ఎవరూ పలకరించకుండానే బండెక్కినాడు. ఊరోళ్ళు వాడికి దారియ్యడం కూడా మర్చిపోయినారు, నన్ను మోసుకోనిపోయే తొందరలో.

ఇంగ మా మేడం ఊరుకుంటుందా? మంచి పేరొచ్చింది గదా, ఇదే సందు అని పేరెంట్స్ మీటింగు పెట్టింది. మామూలుగా మా మీటింగుకు వచ్చేది ముగ్గురో నలుగురో. ఆ రోజు వరండా నిండి, చెట్ల కింద కూడా నిలబడినారు. నేను పట్టుదలగా పోయినా. ఈ దెబ్బతో అందరికీ నిజం చెప్పేస్తా అనుకున్నా. గోడ మీద కామిక్ దగ్గర నిలబడి, ఒక్కొక్క బొమ్మ చూపించి, ఒక్కొక్క బుడగ చదివినా. నీళ్ళు బండ పగుళ్ళల్లో ఎట్ల చేరతాయో చెప్పినా. ఖాదర్ మిషను ఎట్ల పని చేస్తాదో చెప్పినా. దేవదానం ముందరే టెంకాయ, పిండిముద్ద తీసి, ఇదిగో ఇట్ల ముద్ద, దాని మీద ఇట్ల టెంకాయ, ఇంతే, ఇందులో మహిమా లేదు, మన్నూ లేదు అని చేసి చూపించినా. దగ్గినోడు కూడా లేడు, అంత శ్రద్ధగా విన్నారు. కొందరు ఫోన్లో వీడియో తీసుకున్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఇదీ చదువు చెప్పడమంటే అనుకున్నా.

"ఏమన్నా డౌట్లుంటే అడగండి" అన్నా చివర్లో.

వెనక నుంచి ఒక పెద్దాయన లేచినాడు. "అంతా బాగా చెప్పినావు సారూ, అర్థమయింది. ఒక్కటే సంశయం. ముద్దకు గోధుమపిండేనా, జొన్నపిండి పనికిరాదా?"

మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకోని లోపలికి పారిపోయింది. నేనేం చెప్పల్ల? "ఏదైనా ఫరవాలేదు పెద్దాయనా" అన్నా. ఆయన పక్కనోడితో, "చూసినావా, అసలు సంగతి దాచిపెడతాండాడు" అన్నాడు.

అప్పటి నుంచి ఇట్ల ఉండాది నా బతుకు. టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పండి. ఆ, ఏం చెప్తాంటి? ఊర్లల్లో ఖాదర్‌కు సర్వే పనులు శానా వచ్చినాయి. ముందు మిషను పెట్టించుకోవల్లని అందరూ అంటాండారు, అదొక్కటి మంచి జరిగింది. మొన్న శనివారం వాడే ఫోన్ చేసినాడు.

"ఒరే, రేపు కోయిలకుంట్ల పక్కన సర్వే ఉండాది, పొద్దున్నే రా."

"సర్వే నువ్వు చేస్తావు, నేనెందుకురా?"

"నువ్వు రాకుంటే నా మిషనును చేన్లో దించనియ్యరంటరా! ఆ సైన్సు సారును పిల్చుకోని రా, సైన్సు అంటే ఆయప్పకే తెల్సు అంటాండారు."

పోయినానా అని అడుగుతాండారా? పోయినా. పిండి కూడా నేనే కలుపుకోని పోయినా.